లేస్తున్న గుర్రం

క్రిస్మస్ నాటకానికి వెనక తెర గీసిపెట్టమని మా తెలుగు సంఘంలో ఎనిమిదేళ్లు వరసగా నన్నే అడిగారు. ఎనిమిదేళ్లూ తీరిక లేదని చెప్పాను. తొమ్మిదో ఏడు అడగలేదు. అడగకపోతే అంత మంట పుడుతుందని అప్పటిదాకా నాకు తెలియదు.

ఆ ఏడు తెర గీసినవాడు ఒక ట్రక్ డ్రైవర్. గుంటూరు వైపు మనిషి. కెనడాలో మేముండే సర్రీకి వచ్చి రెండేళ్లు అయి ఉంటుంది. ఆరాధనకు వస్తే చివరి వరసలో కూర్చునేవాడు, అయ్యాక కుర్చీలన్నీ మడిచి గోడకు పేర్చి వెళ్లేవాడు. అతను గీసిన తెర మీద బెత్లెహేముకు వచ్చే జ్ఞానులు ఒంటెల మీద లేరు, గుర్రాల మీద ఉన్నారు. తలల మీద వెడల్పు అంచుల టోపీలు. వెనక ఎండుగడ్డి కొండలు, అక్కడక్కడా పైన్ చెట్లు, పొడుగూతా ముళ్లకంచె. పాస్టర్ గారు కాసేపు గడ్డం గోక్కున్నారు.

"ఒంటెలుండాలి కదా బ్రదర్" అన్నారు.

"ఒంటెలెక్కడ చూశానండీ నేను? గుర్రాలైతే దారి పొడుగునా చూస్తన్నా" అన్నాడు అతను.

అందరూ నవ్వారు కానీ తెర అలాగే ఉండిపోయింది. నాటకం అయ్యాక పిల్లల్ని చూసినవాళ్ల కంటే తెరను చూసినవాళ్లే ఎక్కువ. మా అమ్మాయి "డాడ్, దీజ్ ఆర్ సో గుడ్" అంటూ ఫొటోలు తీసింది. మా ఆవిడ నా పక్కన నిలబడి, "ఏమండీ, ఆ గుర్రాల కళ్లు చూశారా?" అంది. చూశాను. తడి కొంచెం ఎక్కువైంది అన్నాను. ఆవిడ నా మొహం వంక చూసింది.

నేను హైదరాబాద్‌లో ఐదేళ్లు బొమ్మలే చదువుకున్నాను. ప్లాస్టర్ తలకాయల చెవులు గీసి గీసి వేళ్లు కాయలు కట్టినవాణ్ణి. తర్వాత అమెరికా, అక్కణ్ణించి ఇక్కడికి. వాంకూవర్‌లో ఒక కంపెనీలో ఫోన్ తెర మీద కనిపించే గోరంత బొమ్మలు గీస్తాను. గోరంత గంట, గోరంత చెత్తబుట్ట. ఒక చెత్తబుట్ట మూత తెరుచుకుని ఉండాలా మూసి ఉండాలా అన్నదాని మీద మూడు వారాలు మీటింగులు పెట్టుకున్నాం. రంగుల పెట్టె ముట్టి పదకొండేళ్లయింది. పిల్లలు, వర్క్ పర్మిట్, పీఆర్, ఇల్లు, ఇలా ప్రతి ఏటికీ ఒక సాకు ఉంది, అన్నీ నిజమైన సాకులే. ఆ ట్రక్ డ్రైవర్ తెర చూశాక మాత్రం ఒక్కటీ పనికి రాలేదు.

నాలుగు వారాలు ఆగి, డ్రాయింగ్ బోర్డు ఒకటి వాడకుండా పడి ఉంది ఇస్తానన్న నెపంతో అతని ఇంటికి వెళ్లాను. ఎలా గీస్తాడో చూడాలని నా ఆత్రం. లోపం కనబడితే ఇంకా మంచిది. ఒక పంజాబీ వాళ్లింట్లో బేస్‌మెంట్ అద్దెకు తీసుకున్నాడు. గరాజ్‌లో సగం కూడా వాళ్లు వాడుకోనిచ్చారు.

"వందనాలన్నయ్యా! మీరు రావటమేంటి, ఫోన్ చేస్తే నేనే వచ్చేవాణ్ణిగా" అని నా చేతిలో బోర్డు అందుకుని, దాన్ని కొత్త పెళ్లికూతుర్ని చూసినట్టు చూశాడు. నాకు సిగ్గేసింది. అది నేను ఎప్పుడో పారేద్దామనుకున్న బోర్డు.

గరాజ్ గోడకు ఆనించి పదిహేను, ఇరవై బొమ్మలున్నాయి. అన్నీ గుర్రాలు, పశువులు, వాటిని తోలే మనుషులు. కొన్ని అట్టల మీద, కొన్ని ప్లైవుడ్ మీద. ఈ ప్రాంతం లోపలి కొండల్లో పెద్ద పెద్ద పశువుల రాంచ్‌లున్నాయి, అతని రూట్ అటే. లోడ్ దించేదాకా కేబిన్‌లో కూర్చుని రసీదుల వెనక పెన్సిల్‌తో గీస్తాడు. ఇంటికొచ్చి రంగు వేస్తాడు. ఆ రంగులు కూడా గోడలకు వేసేవి. ఎవరో తమకు కావలసినట్టు కలిపించుకుని, ఇంటికి తీసుకెళ్లి, ఇది కాదని తిరిగి ఇచ్చేసిన డబ్బాలు షాపులో ఒక మూల చవగ్గా అమ్ముతారు. అవే కొంటాడు. అందుకే అతని కొండలు ఆకుపచ్చా కాదు, బూడిదా కాదు. మంచు కొద్దిగా గులాబీ. నేను ఐదేళ్లు చదివి కూడా అలాంటి మంచును ఊహించలేదు. మా ఇంట్లో అల్మారాలో మెత్తటి వెంట్రుకల కుంచెలు ప్లాస్టిక్ కవర్లో అలాగే ఉన్నాయి.

"ఎవరి దగ్గర నేర్చుకున్నావు తమ్ముడూ?"

"నేర్చుకోటమేందన్నయ్యా. మా నాన్న ఎద్దులకి నాడాలు కొట్టేవాడు. ఎద్దుని తాళ్లేసి పడగొట్టి కాళ్లు కట్టేస్తే నేను తల పట్టుకుని కూకునేవాణ్ణి. అది బెదరకుండా దాని కళ్లలోకి చూస్తా ఉండాలి. అట్టా చూసీ చూసీ..." అని చేతులు తిప్పాడు, అంతకు మించి చెప్పడానికి ఏమీ లేనట్టు.

అతను కింది నుంచి గీస్తాడు. ముందు గిట్టలు, తర్వాత కాళ్లు, ఆ పైన మిగతా గుర్రం. మాకు కాలేజీలో ముందు మొత్తం ఆకారం పెట్టుకోమని నేర్పారు. అలా గీస్తే కొలతలు తప్పుతాయి కదా అన్నాను. తప్పితే మళ్లీ గీస్తానన్నాడు. ఎక్కడా తప్పలేదు. అరగంట వెతికాను. ఇంటికి వస్తూ కారులో వాణ్ణి తిట్టుకున్నాను, నన్ను తిట్టుకున్నాను, ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత నాలాంటివాణ్ణి చూసే పుట్టి ఉంటుందనుకున్నాను.

మార్చిలో ఒక శనివారం మధ్యాహ్నం అతనే ఫోన్ చేశాడు. "ఒకసారి వచ్చి చూస్తారా అన్నయ్యా" అన్నాడు. గొంతులో బెరుకుంది.

నాలుగడుగుల ప్లైవుడ్ మీద కొత్త బొమ్మ. మంచులో పడుకున్న ఎర్రగుర్రం ఒకటి పైకి లేస్తోంది. పక్కన టోపీ మనిషి కళ్లెం పట్టుకుని, లే అన్నట్టు కొంచెం వంగాడు. ఎండ ఏటవాలుగా పడి గుర్రం వీపు మీది మంచు కరిగి ఆవిరవుతోంది. ఆ ఆవిరి చూడటానికి దగ్గరికి వంగాను. నిజం చెబుతున్నాను, అప్పటికప్పుడు ఆ బొమ్మ నాది కావాలనిపించింది. కొనుక్కోవాలని కాదు. నేను గీసి ఉండాలని.

అప్పుడు కనబడింది తప్పు.

ఆ గుర్రం వెనక కాళ్లు పైకి లేచి ఉన్నాయి. ముందు కాళ్లు మోకాళ్ల దగ్గర మడిచి మంచులో ఉన్నాయి. ఎద్దు అలా లేస్తుంది. ఆవు, గేదె, ఏదైనా అలాగే లేస్తుంది. గుర్రం అలా లేవదు. నేను చదువుకునే రోజుల్లో మా మాస్టారు మమ్మల్ని నెల రోజులు తెల్లవారుజామున ఒక గుర్రపుసాలకు పంపారు. అక్కడ గుర్రాల్ని చూసుకునే సాయీసు నా బొమ్మ లాక్కుని చూసి, "గుర్రం ముందటి కాళ్లతోటి లేస్తది, బర్రె ఎనక కాళ్లతోటి లేస్తది. గింత తెల్వదా?" అని నలుగురిలో నవ్వాడు. ఆ నవ్వు వల్ల నాకది జన్మలో మరిచిపోనంతగా గుర్తుండిపోయింది. ఇతను ట్రక్ కిటికీలోంచి నిలబడ్డ గుర్రాల్ని చూశాడు, మేసే గుర్రాల్ని చూశాడు. లేచే గుర్రాన్ని చూసి ఉండడు. లేవడమంటే అతనికి తెలిసింది నాడాలు కొట్టాక తాళ్లు విప్పితే లేచే ఎద్దే.

"లోపలి కొండల్లో మే నెలలో షో పెడతారంటన్నయ్యా, అచ్చం ఇట్టాంటి బొమ్మలకే" అన్నాడు. "గుర్రాలున్నోళ్లు, పశువులున్నోళ్లు వచ్చి చూస్తారు. ఆళ్లు చూసి అవునన్నారంటే నాకింకేం వద్దు. ప్రైజూ గీజూ వద్దు. కానీ ఆళ్లకంటే ముందు మీరనాలి. మీరు చదువుకున్నోళ్లు. తప్పుంటే మొహమాటపడకుండా చెప్పండి. రెండు నెలలుంది, మళ్లీ గీస్తా."

నేను రెండడుగులు వెనక్కి వేశాను. కళ్లు చికిలించాను. చదువుకున్నవాళ్లు చేసే పనులన్నీ చేశాను.

"బాగుంది" అన్నాను. "ఇంక దీని మీద చెయ్యి పెట్టకు."

అతను నా రెండు చేతులూ పట్టుకున్నాడు. అతని చేతికున్న రంగు నా చొక్కా కఫ్‌కు అంటింది. మా ఆవిడ ఆ మరకను వదిలించడానికి చాలా తంటాలు పడింది.

అంతటితో ఆగానా అంటే లేదు. అప్లికేషన్ ఇంగ్లీషులో ఉంది, నింపి పెట్టమన్నాడు. మా ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర ఇద్దరం కూర్చున్నాం. చదువు అన్న చోట స్వయంగా నేర్చుకున్నాడని రాస్తున్నప్పుడు నాకు నీచమైన ఆనందం కలిగింది. తర్వాత బొమ్మ పేరు అడిగారు.

"పేరెందుకన్నయ్యా బొమ్మకి? మీరే ఏదోటి రాయండి."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గుర్రం పడుకోబోయేటప్పుడు ముందు కాళ్లు మడిచి మోకాళ్ల మీదికి వంగుతుంది. అప్పుడు దాని వెనక భాగం పైకే ఉంటుంది. అంటే ఆ బొమ్మకు 'పడుకోబోతున్న గుర్రం' అని పేరు పెడితే ఎవరూ వేలెత్తి చూపలేరు. ఎండ ఉదయపుదా సాయంత్రపుదా ఎవరికి తెలుస్తుంది? బొమ్మ ముట్టుకోనక్కర్లేదు, నేను నోరు విప్పనక్కర్లేదు, ఒక్క మాట టైప్ చేస్తే చాలు. అదంతా నాకు ఆ కుర్చీలో కూర్చుని ఉండగానే తోచింది. నేను 'లేస్తున్న గుర్రం' అని టైప్ చేశాను. తెలుగులో ఏమిటో చెప్పాను. "భలే ఉందన్నయ్యా" అన్నాడు.

బొమ్మ సెలెక్ట్ అయింది. ఆదివారం పాస్టర్ గారు అతన్ని ముందుకు పిలిచి ప్రార్థన చేశారు. సహాయం చేసినందుకు నన్ను కూడా నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. ఏడవలేక నవ్వాను. మా ఆవిడ ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, "మీరు అతనికి సాయం చేస్తారని నేననుకోలేదండీ. ఎంత సంతోషంగా ఉందో" అంది. ఇంకొంచెం పప్పు వెయ్యమన్నాను. ఆ తర్వాత ఆరు వారాల్లో కనీసం పదిసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ప్రతిసారీ ఆ వీపు మీది ఆవిరి గుర్తొచ్చేది, ఫోన్ పక్కన పెట్టేసేవాణ్ణి. పైగా నాకు నేను చెప్పుకున్నాను: ఎవరు గమనిస్తారులే, ఇది కళ, పశువైద్యం కాదు అని.

మే నెలలో ఇద్దరం నా కారులోనే వెళ్లాం. నాలుగు గంటల డ్రైవ్. దారి పొడుగునా అతను, ఇదిగో ఈ మలుపు దగ్గర ఫలానా బొమ్మ గీశాను, ఈ కంచె దగ్గర లోడ్ ఆలస్యమైంది అని చూపిస్తూ వచ్చాడు. పెళ్లినాటి కోటు వేసుకున్నాడు. గుండీలు పట్టడం లేదు.

షో ఒక పెద్ద షెడ్డులో. బయట కంచెల్లో గుర్రాలు, లోపల జీన్లు, తోలు బెల్టులు, బొమ్మలు. అతని బొమ్మ ముందు జనం ఆగుతున్నారు. అందరికంటే ఎక్కువ ఆగుతున్నారు. నేను ఎవరు ఎంతసేపు ఆగారో చూస్తూనే ఉన్నాను. మధ్యాహ్నానికి ఒక ముసలావిడ వచ్చింది. చేతికర్ర, బురద బూట్లు. అక్కడి రాంచ్ మనిషి అని చెప్పకుండానే తెలుస్తోంది. బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. ముందుకు వంగి గిట్టల్ని చూసింది. ఎవరు గీశారంది. అతను ముందుకు వెళ్లాడు.

"ఇలాంటి గిట్టలు నేను బొమ్మల్లో చూడలేదు" అంది ఆవిడ ఇంగ్లీషులో. "కానీ బాబూ, గుర్రం ఇలా లేవదు. ఇది ఆవు లేచే పద్ధతి."

చుట్టూ ఉన్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు బొమ్మ వైపు మళ్లీ చూశారు. ఒకాయన చిన్నగా నవ్వాడు. అవునవును, నేనూ ఏదో తేడాగా ఉందనుకున్నాను అన్నాడు.

అతను కంగారుపడలేదు. నవ్వుతూ నా వైపు చెయ్యి చూపించి, తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాడు. "నో మేడమ్. మై బ్రదర్ చెక్డ్. హీ స్టడీడ్ ఆర్ట్, ఫైవ్ ఇయర్స్. ఇఫ్ మిస్టేక్, హీ విల్ టెల్ మీ."

ఆవిడ నా వైపు తిరిగింది. అందరూ తిరిగారు. అతను కూడా, నేను ఇప్పుడే ఏదో ఒక మాట చెప్పి ఈవిడ పొరపాటు దిద్దుతానని ఎదురుచూస్తున్నట్టు నన్నే చూస్తున్నాడు. నేను గుర్రాల గురించి నాకు పెద్దగా తెలియదన్నాను. ఆవిడ ఇంకో క్షణం నన్ను చూసి, అతని భుజం తట్టి వెళ్లిపోయింది.

అతను బయటికి నడిచాడు. వెనకే వెళ్లాను. గుర్రాల కంచె దగ్గర బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. మూలన ఒక గోధుమరంగు గుర్రం ఎండలో పడుకుని ఉంది. దాన్నే చూస్తున్నాడు. నేను కంచెకు ఆనుకుని నిలబడ్డాను. గంట దాటింది. లోపల మైకులో ఎవరెవరి పేర్లో చదువుతున్నారు, చప్పట్లు వినబడుతున్నాయి. అతను తల తిప్పలేదు.

చివరికి ఆ గుర్రం ముందు కాళ్లు రెండూ చాపింది. మెడ ముందుకు విసిరి, ఒక్క ఊపులో వెనక భాగం ఎత్తి లేచి నిలబడి ఒళ్లు దులుపుకుంది.

అతను రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. "ఎద్దుని గీశానన్నయ్యా" అన్నాడు. "గుర్రం తోలు కప్పి మా నాన్న ఎద్దుని గీశా. ఇంత దూరం తెచ్చి ఈళ్ల ముందర పెట్టా."

అతను నా వైపు చూశాడు. నా మొహంలో ఏం కనబడిందో మరి, లేచి వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"మీరేం బాధపడమాకండన్నయ్యా. పట్నంలో పెరిగినోళ్లు, పుస్తకాల్లో చదువుకున్నోళ్లు. గుర్రం ఎట్టా లేస్తదో మీకెట్టా తెలుద్ది? మీ తప్పేం లేదు."

ఆ మాటకు ఊఁ అని ఊరుకుంటే సరిపోయేది. అతను నన్ను క్షమించేశాడు, అదీ నేను చేసినదేమిటో తెలియకుండానే. కానీ నా ఒంట్లో రక్తమంతా తలకెక్కింది. పశ్చాత్తాపమని చెప్పుకోవాలని ఉంది. అది కాదు. ఒక ట్రక్ డ్రైవర్ నన్ను, ఐదేళ్లు చదువుకున్నవాణ్ణి, నెల రోజులు గుర్రపుసాలలో కూర్చుని గీసినవాణ్ణి, తెలియనివాడంటున్నాడు. జాలిపడుతున్నాడు. ఆ ఒక్కటీ భరించలేకపోయాను.

"నాకు తెలుసు" అన్నాను. "నువ్వు బొమ్మ చూపించిన రోజే చూశాను. ముందు కాళ్లతో లేస్తుందని నాకు ఇరవై ఏళ్ల నుంచీ తెలుసు."

అతని చెయ్యి నా మోచేతి మీద నుంచి జారింది. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి. అతను నన్ను చూశాడు. ఎందుకు అని అడగలేదు. నా మొహంలోనే చదువుకున్నాడనుకుంటాను. కోటు జేబులోంచి ఒక రసీదు కాగితం, పొట్టి పెన్సిల్ తీసి నా చేతిలో పెట్టాడు.

"తెలిస్తే గీయండి" అన్నాడు.

కాగితం కంచె కమ్మీ మీద ఆనించి గీశాను. పదకొండేళ్ల తర్వాత మొదటిసారి. చాపిన ముందు కాళ్లు, వంగిన వీపు, నేల మీదే ఉన్న వెనక భాగం. గీసే క్రమం తప్పలేదు, మా మాస్టారు చెప్పిన క్రమమే. పూర్తయ్యేసరికి, ఇంకా సిగ్గులేకుండా, అతను బాగుందంటాడేమోనని చూశాను.

అతను కాగితం తీసుకుని వెలుతురుకు పట్టాడు.

"మెడ తప్పు" అన్నాడు. "లేచేటప్పుడు ముందుకి విసిరింది. మీరు బిగబట్టి పెట్టారు."

చూసిన వెంటనే చెప్పాడు, ఒక్క నిమిషం కూడా లోపల దాచుకోలేదు. కాగితం నా చేతికి ఇచ్చేసి, బొమ్మ దించుకురావడానికి షెడ్డులోకి వెళ్లాడు.